టేపు సాగిందన్న మాట

నేను ఒక గిటారును. వీణనై పుట్టి ఉంటే ఏడాదికోసారైనా పసుపు కుంకుమ పెట్టేవారు. డప్పునై ఉంటే పండగకూ చావుకూ తలుచుకునేవారు. నాకు దక్కింది గోడకు ఒక మేకు, దాని మీద ముప్పై మూడేళ్ల దుమ్ము. కాబట్టి నా మాటల్లో తీపి వెతక్కండి.

కలకత్తాలో ఒక ఇరుకు సందులో నన్ను చేశారు. చేసిన ముసలి మేస్త్రీకి గిటారు వాయించడం రాదు. నాలాంటివి వేలు తయారుచేసి, ఒక్కదాని మీదా ఒక్క పాట పలికించకుండానే కాలం వెళ్లదీశాడు. తీగలు బిగించి, ఒకసారి మీటి, చెవి ఒగ్గి విని, చాల్లే అన్నట్టు తల ఊపి పక్కన పెట్టేవాడు. కొట్టువాడు నా వీపు అసలైన టేకని చెప్పి అమ్మాడు. అది టేకు కాదు. కొన్నవాడికి టేకంటే ఏమిటో తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకుంటూ విడిపోయారు.

కొన్నవాడి పేరు మెర్విన్ ఫాల్కనర్. కాజీపేటలో రైలింజను డ్రైవరు. ఆంగ్లో ఇండియన్. అక్కడ డ్రైవర్లకూ గార్డులకూ ఒక క్లబ్బు ఉండేది. క్రిస్మసుకు అందులో డాన్సు. మెర్విన్ కోటు వేసుకుని, నన్ను భుజానికి తగిలించుకుని, స్టేజి ఎక్కి ఒక బ్లూస్ పాట మొదలుపెట్టేవాడు. పాట కన్నా ముందు, డ్రమ్ములు కూడా అందుకోకముందు, గిటారు ఒక్కటే పలికే చిన్న ముక్క ఒకటి ఉంది. దాన్ని వాళ్లు లిక్ అంటారు. గట్టిగా లెక్కేస్తే పన్నెండు సెకన్లు. ఆ పన్నెండు సెకన్ల కోసం క్లబ్బు మొత్తం గ్లాసులు కింద పెట్టేది.

అందులో కిటుకంతా రెండు చోట్ల ఉంది. ఆ రెండు చోట్లా మెర్విన్ నా మూడో తీగను వేలితో నొక్కి, నొక్కిన వేలిని పక్కకు నెట్టేవాడు. స్వరం ఏ మెట్టు మీదా నిలవక, గొంతు పూడుకుపోయిన మనిషి మాటలా పైకి సాగేది. అది తీసేస్తే ఆ ముక్కలో మిగిలేది ఏమీ లేదు. ఈ సంగతి మెర్విన్‌కు బాగా తెలుసు. అందుకే ఆ పన్నెండు సెకన్లూ జనానికి వీపు తిప్పి వాయించేవాడు. జనం అదేదో స్టైలు అనుకున్నారు. ఎవరూ తన వేళ్లు చూడకూడదని ఆయన జాగ్రత్త.

ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాళ్లకు క్లబ్బు లోపలికి ప్రవేశం లేదు. వాళ్లలో ఓదేలు అని ఒక ఫిట్టరు. అప్పటికి ముప్పై దాటాయి, పెళ్లాం కొంరమ్మ, ఏడాది నిండిన బిడ్డ రజిత. ఏటా క్రిస్మసుకు క్లబ్బు బయట సైకిల్ స్టాండులో నిలబడి ఆ ముక్క వినేవాడు. బ్లూస్ అంటే అమెరికాలో నల్లవాళ్లు తమ కష్టం చెప్పుకుని పాడుకున్న పాటలట. అలాంటి పాటను కోట్లు వేసుకున్నవాళ్లు లోపల పెట్టుకుని, చేతులకు గ్రీజంటినవాణ్ణి బయట నిలబెట్టారు. మనుషులకు ఇలాంటివి వింతగా తోచవు.

మెర్విన్ చెడ్డవాడని నేననను. కొంరమ్మ పురిటికి ఓదేలుకు సెలవు దొరక్కపోతే ఫోర్‌మన్‌తో పోట్లాడి ఇప్పించాడు. తన డబ్బాలోని అన్నం సగం పెట్టేవాడు. కొత్తగా కరెంటు గిటారు కొనుక్కున్నాక నన్ను ఊరికే ఓదేలుకు ఇచ్చేశాడు. అడిగితే ఒంటి మీది చొక్కా ఇచ్చే మనిషి. ఇవ్వలేనిది ఆ రెండు స్వరాలు మాత్రమే. ఇంజను నడిపేవాళ్లు మరో వందమంది ఉన్నారు గానీ, ఆ ముక్క వాయించేవాడు ఆ ఊళ్లో ఆయనొక్కడే.

ఆ ఏడే ఆయన వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. వచ్చే క్రిస్మసుకు ఇంకొకరిని చూసుకోండని బ్యాండు వాళ్లకు చెప్పేశాడు. ఆ మాట షెడ్డు దాకా వచ్చింది. ఎవరైనా సరే, ఆ లిక్ వచ్చినవాడికి బ్యాండులో చోటు. ఓదేలు ఆ రోజు ఇంటికి వచ్చి కొంరమ్మతో అన్నాడు.

"నాకు గనక ఆ ముక్క వచ్చిందనుకో, నిన్నూ బిడ్డనూ ముంగటి దర్వాజ నుంచి లోపటికి తోలుకపోత."

కొంరమ్మ నవ్వింది గానీ కొత్త చీర ఏ రంగుదైతే బాగుంటుందా అని కూడా ఆలోచించింది. నేను చూశాను.

మెర్విన్ దగ్గర ఆ పాట క్యాసెట్టు అడిగి తెచ్చుకున్నాడు ఓదేలు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, పొద్దున్నే నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ నేర్పలేదు. టేపు రెండు సెకన్లు తిప్పడం, ఆపడం, నా మెట్ల మీద ఆ శబ్దం ఎక్కడుందో వెతకడం. దొరికితే ముఖం వెలిగిపోయేది. వేళ్ల కొసలు చిట్లి రక్తం కారితే గుడ్డ చుట్టుకునేవాడు. పది నెలలు అలా నడిచింది. నన్ను అంత ప్రేమగా పట్టుకున్నవాడు ఇంకొకడు లేడు.

అంతా వచ్చింది. ఆ రెండు చోట్ల మాత్రం చిక్కుపడ్డాడు. టేపులో అక్కడ స్వరం జారుతోంది. నా మెట్ల మీద ఎక్కడ వెతికినా అది లేదు. మీరు నవ్వకండి. ఆ రోజుల్లో ఆ ఊళ్లో వోల్టేజీ పడిపోతే రేడియోగ్రాము సాగేది, పెళ్లి మైకులో సన్నాయి సాగేది, సినిమా హాల్లో నాయిక ఏడుపు సాగేది. సాగిన శబ్దం వినబడితే మిషన్ చెడిందని అర్థం. సైకిల్ స్టాండు దాకా వచ్చే చప్పుడు సాగినా, అది క్లబ్బు మైకు తప్పే అనుకునేవాడు. పైగా ఓదేలు ఫిట్టరు. టేపు రికార్డరు విప్పి బెల్టు మార్చాడు. రోలరును స్పిరిట్‌తో తుడిచాడు. అయినా అవే రెండు చోట్ల సాగింది. అప్పుడతనికి తట్టింది, ఆ ముక్క దగ్గరే కదా వందసార్లు వెనక్కి తిప్పుతున్నాను, అక్కడే టేపు సాగి ఉంటుంది అని. ఎంత తెలివైన ఆలోచన. ఆ తెలివే అతని కొంప ముంచింది.

అయినా అనుమానం తీరక, ఒక ఆదివారం పొద్దున నన్నూ రికార్డరునూ పట్టుకుని మెర్విన్ ఇంటికి వెళ్లాడు. మెర్విన్ వరండాలో కూర్చుని ఉడుకునీళ్లలో వేళ్లు ముంచుకుంటున్నాడు. ఓదేలు టేపు వినిపించాడు. తర్వాత తను వాయించాడు. ఆ రెండు చోట్లు వచ్చేసరికి ఆగాడు.

"సార్, ఈడ సప్పుడు సాగుతాంది. టేపు సాగిందా, మీరే గట్ల వాయిస్తరా?"

మెర్విన్ నా మెట్ల మీద ఉన్న ఓదేలు వేళ్ల వైపు చూశాడు. బలమైన వేళ్లు, ఎటు కావాలంటే అటు వంగే వేళ్లు. తర్వాత నీళ్లలో ఉన్న తన వేళ్ల వైపు చూసుకున్నాడు. నాకు అప్పుడే భయం వేసింది.

"టేపే, మ్యాన్. టేపు సాగింది. పాతది కదా. నువ్వు సాఫ్‌గా వాయించు."

ఓదేలు ఆయన కాళ్లకు దండం పెట్టినంత పని చేసి ఇంటికి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆ రెండు స్వరాల్నీ తిన్నగా చేయడం మొదలుపెట్టాడు. వంగిన కడ్డీని తిన్నగా చేయడమే అతని ఉద్యోగం కదా, ఇదీ అలాగే చేశాడు. నా తీగ మీద ఒకప్పుడు మెర్విన్ వేలు ఎటు నెట్టేదో నాకు తెలుసు. చెప్పడం ఎలా? నాకున్న నోరు తెరిచే ఉంటుంది గానీ, మాట ఎవరి వేళ్లలో ఉంటే వాళ్లు పలికించాల్సిందే.

డిసెంబరు మొదటి వారంలో క్లబ్బు వాళ్లు పిలిచారు. ఓదేలు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మధ్యాహ్నం పూట ఖాళీ హాలు, ముందు వరసలో నలుగురు మనుషులు. నాలుగోవాడు మెర్విన్. ఓదేలు ఎవరికీ వీపు తిప్పలేదు. ఎదురుగా నిలబడి, కళ్లు మూసుకుని వాయించాడు. ఒక్క తప్పు లేదు. ప్రతి స్వరం తోమిన గిన్నెలా తళతళలాడింది. పన్నెండు సెకన్లూ అయ్యాక కళ్లు తెరిచి నవ్వాడు.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బ్యాండు పెద్ద ఒక గార్డు. ఆయన మర్యాదగానే చెప్పాడు.

"అన్నీ కరెక్టే ఓదేలూ. కానీ అందులో ఏమీ లేదు. ఎందుకో చెప్పమంటే నాకూ తెలియదు. కొందరి చేతికి వస్తుంది, కొందరికి రాదు."

పక్కనున్నవాడు అంత మర్యాద పాటించలేదు. స్పానరు పట్టే చేతులు స్పానరే పట్టాలి అన్నాడు. ఓదేలు మెర్విన్ వైపు చూశాడు. మెర్విన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ క్షణం ఆయన లేచి ఒక్కమాట అంటే చాలు. లేవలేదు. ఆ ఏడు క్లబ్బులో రికార్డు పెట్టుకుని డాన్సు చేశారు.

ఓదేలు నన్ను గోడకు తగిలించాడు. కొంరమ్మ ఏమైందని అడిగితే, "మన చేతులకు రాదంట" అన్నాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు. చీర మాట కూడా ఎత్తలేదు.

మెర్విన్ రిటైరైన ఏడు ఒకసారి ఇంటికి వచ్చాడు. నన్ను చూసి కుర్చీలోంచి లేచి, మేకు మీద నుంచి దించి, వంకరపోయిన వేలును నా మూడో తీగ మీద పెట్టాడు. చెప్పేస్తాడనే అనుకున్నాను. ఓదేలు చాయ్ గ్లాసుతో వచ్చి, "వద్దు సార్, ఇగ దాన్ని ఎందుకు, అది నాకు రానిదే కదా" అన్నాడు. మెర్విన్ నన్ను మళ్లీ మేకుకు తగిలించి చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ చలికాలంలోనే పోయాడు. శవపెట్టె మోసినవాళ్లలో ఓదేలు ఒకడు.

అక్కడితో అయిపోయి ఉంటే నేను ఇంత కసిగా మాట్లాడేదాన్ని కాదు. రజితకు పదేళ్లొచ్చాయి. ఒకరోజు బడి నుంచి వచ్చి, స్టూలు వేసుకుని నన్ను దించింది. గంటసేపు ఒక్కో తీగా మీటుతూ, ఒకదానికి ఒకటి జతచేస్తూ, తనకు తానే ఏదో చిన్న పాట కట్టుకుంది. పిల్ల చెవి గట్టిది. అది వాళ్ల నాన్న చెవే. ఓదేలు డ్యూటీ దిగి వచ్చి చూశాడు. కోపం చేయలేదు. తల నిమిరి, నన్ను చేతుల్లోంచి తీసుకున్నాడు.

"మన చేతులకు రాదు బిడ్డా. మనసు పెట్టుకుంటే ఖరాబైతవు. మంచిగ సదువుకో."

మేకును ఇంకో రెండడుగులు పైకి కొట్టాడు. రజిత చదువుకుంది. కరెంటు సబ్‌స్టేషన్లో ఉద్యోగం చేస్తోంది. మంచి ఉద్యోగమే. ఆమె నోట ఒక కూనిరాగమైనా నేను మళ్లీ వినలేదు.

మొన్న పాత సామాన్లవాడు తోపుడుబండితో వీధిలోకి వచ్చాడు. కొంరమ్మ పోయాక ఇల్లు సర్దడానికి రజిత వచ్చి ఉంది. నన్ను దించి దుమ్ము దులుపుతూ, "బాపూ, దీని మీద ఏం పాట వాయించేటోనివి?" అని అడిగింది. ఓదేలు పాట పేరు చెప్పాడు. ఆమె ఊరికే ఫోనులో వెతికింది. ఎవరో ఒకాయన గిటారు పట్టుకుని, వేళ్లు కనబడేలా దగ్గరగా వాయిస్తున్నాడు. సంగీతం తెలియని రజిత చెవితో కాదు, కంటితో పట్టుకుంది.

"ఈయన తీగెను పక్కకు నూకుతాండు చూడు బాపూ."

ఓదేలు అద్దాలు పెట్టుకుని చూశాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. మరోసారి పెట్టమన్నాడు. తర్వాత నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. నా ఆరు తీగల్లో నాలుగే మిగిలాయి, వాటికీ తుప్పు. వాటిని సరిచేసి, మూడో తీగను నొక్కి, పక్కకు నెట్టాడు.

వచ్చింది. మొదటి నెట్టుకే వచ్చింది. ముసలి వేళ్లతో, తుప్పు తీగ మీద, మెర్విన్ ఏనాడూ పలికించనంత బాధతో వచ్చింది. నేను సంతోషించాలా? నాకు ఏడుపొచ్చింది. ఇంత చిన్న విషయం అది.

"టేపు సాగలే" అన్నాడు ఓదేలు. మెర్విన్‌ను ఒక్క మాట తిట్టలేదు. బిడ్డ చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

రజిత ఫోను పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"మరి అప్పుడు నన్నెందుకు ముట్టనియ్యలేదు బాపూ?"

"రాదనుకున్న బిడ్డా."

"నీకా, నాకా?"

ఓదేలు నన్ను ఆమె వైపు చాచాడు. తీసుకో, చూపిస్త, కష్టమేం కాదు అన్నాడు. ఆమె నన్ను అందుకోలేదు. "ఇప్పుడా?" అంది. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. రెండు గంటలకు డ్యూటీ ఉందని చెప్పి, బ్యాగు తీసుకుని వెళ్లింది.

ఇన్నేళ్లూ నన్ను చూసినప్పుడల్లా ఓదేలుకు తన చేతకానితనం గుర్తొచ్చేది. దానితో బతకడం అలవాటు చేసుకున్నాడు. ఇక మీదట నన్ను చూస్తే స్టూలెక్కిన పదేళ్ల పిల్ల గుర్తొస్తుంది. దానితో బతకడం అతని వల్ల కాదు. నన్ను తీసుకుని గేటు దాకా నడిచాడు. బండివాడు ఇనుపముక్కలు పక్కకు జరిపి చోటు చేశాడు. ఓదేలు ఇవ్వబోతూ ఆగి, అక్కడే అరుగు మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా ఆ ముక్క ఒక్కసారి వాయించాడు. రెండు చోట్లా తీగను నెట్టాడు. బండివాడు చేస్తున్న పని ఆపి విన్నాడు.

"మంచిగ వాయించినవ్ తాతా. ఎన్నడు నేర్చినవ్?"

"ఇయ్యాల్నే" అని ఓదేలు నన్ను అతని చేతికిచ్చాడు.