నర్సమ్మ సైకిలు, తిరుమలయ్య కుక్క

యుద్ధం వల్ల పెట్రోలు కరువై, పాకాల నుంచి పల్లెలకు పోయే బస్సు ఆగిపోయింది. అప్పుడే మిషన్ ఆసుపత్రి వాళ్లు నర్సు సంతోషమ్మకు ఒక సైకిలు ఇచ్చారు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, మందుల పెట్టె వెనక కట్టుకుని, పురుళ్లు పోయడానికి ఆమె రోజూ పల్లెలకు బయలుదేరేది. దారి అంటే చెరుకు తోటల వెంబడి పోయే గట్టు. ఇద్దరు పక్కపక్కన నడిస్తే నిండిపోతుంది. ఒకవైపు చెరుకు, ఇంకోవైపు వరిమడి.

ఆ గట్టు మీదే తిరుమలయ్య తన కుక్కతో తోటకు పోయేవాడు. పందులు చెరుకులో పడకుండా కాసే కుక్క. పేరు వీరడు. దాని మెడకు తాడు కట్టేవాడు గానీ కొస పట్టుకునేవాడు కాదు. ఆ కొస మట్టిలో ఈడ్చుకుంటూ పోయేది.

ఒక పొద్దున సంతోషమ్మ వెనక నుంచి వచ్చి, గంట కొట్టకుండానే జోరుగా అతన్ని దాటబోయింది. వీరడు ఉలిక్కిపడి చక్రం మీదికి దూకింది. తాడు తిరుమలయ్య కాళ్లకు చుట్టుకుంది. మరుక్షణం ఇద్దరూ మడిలో ఉన్నారు, మోకాళ్ల దాకా బురదతో.

"సైకిలుకు గంట ఎందుకు పెట్టినారమ్మా, సింగారానికా?" అన్నాడు తిరుమలయ్య.

"నీ కుక్కకు తాడెందుకు కట్టినావప్పా, గట్టు ఊడ్సేదానికా?" అంది సంతోషమ్మ.

మర్నాటి నుంచి పంతాలు మొదలయ్యాయి. ఆమె గట్టు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా గంట మోగిస్తూనే ఉండేది. ఆ మోతకు వీరడు మోర ఎత్తి ఊళ పెట్టేది. తిరుమలయ్య మాత్రం గట్టు నడిమధ్యన పెళ్లినడక నడిచేవాడు. చేసేది లేక ఆమె సైకిలు దిగి, నెట్టుకుంటూ అతని వెనకే పోయేది.

అట్లా నెట్టుకుంటూ పోతున్న ఒకనాడు వీరడు వెనక్కి వచ్చి చక్రాన్ని వాసన చూసింది. మొరగలేదు. తిరుమలయ్య అది చూసి ఆగాడు.

"మెల్లిగా పోతే దీనికి కోపం లేదే" అన్నాడు. "జోరుగా తిరిగేది కనపడితే పంది పరిగెత్తినట్టే ఉంటాది దానికి."

సంతోషమ్మ అంది: "చిన్నప్పుడు నన్నొక కుక్క కరిచిందప్పా. దీన్ని చూస్తే గుండె దడ. అందుకే బిరబిరా దాటుకుని పోదామని తొక్కుతాను."

తిరుమలయ్య మొహం మారింది. "ఆ మాట ముందే చెప్పకూడదా తల్లీ" అని తాడు కొసను చేతికి చుట్టుకున్నాడు.

అక్కడే నిలబడి ఒప్పందం చేసుకున్నారు. గట్టు మలుపు దగ్గర ఆమె రెండుసార్లు గంట కొట్టి, నిదానంగా రావాలి. అతను చెరుకు వైపు ఒదిగి, కుక్కను దగ్గరికి లాక్కుని కూచోవాలి. కొన్నాళ్లకు గంట వినగానే వీరడే పక్కకు పోయి కూచోవడం నేర్చుకుంది. సంతోషమ్మ మొదట భయంభయంగా, తర్వాత నవ్వుతూ దాన్ని పలకరించి పోయేది.

ఒక సాయంత్రం తిరుమలయ్య సిగ్గుపడుతూ అడిగాడు: "నర్సమ్మా, యాభై దాటినోడికి సైకిలు వస్తాదా?"

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె నేర్పడానికి గట్టు మీదికి వచ్చింది. తిరుమలయ్య భార్య నాగరత్నమ్మ పని మానుకుని, వేరుశనక్కాయలు ఒడిలో పోసుకుని చూడ్డానికి కూచుంది. ఆమెకు అంత సంబరం పెళ్లినాడు కూడా లేదు. అతను పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరికి సైకిలు ఒరిగిపోకుండా ముందుకు పోయింది.

"ఒక్కణ్ణే పోయొస్తా. వీరణ్ణి పట్టుకోండి" అని తాడు సంతోషమ్మకిచ్చి మలుపు దాటాడు.

ఆడవాళ్లిద్దరూ మాటల్లో పడ్డారు. అతను తోట చుట్టూ తిరిగి వాళ్ల వెనక నుంచి వచ్చాడు, చప్పుడు లేకుండా. వీరడు యజమానిని ఆనవాలు పట్టలేదు. ఒక్క గుంజు గుంజి చక్రం మీదికి దూకేసరికి సంతోషమ్మ మడిలో పడింది. తిరుమలయ్య సైకిలుతో సహా చెరుకులోకి పోయాడు.

"గంట కొట్టలేదేమప్పా?" మడిలోంచి అడిగింది సంతోషమ్మ.

"రెండు చేతులూ పట్టుకునేదానికే చాల్లేదు. గంట కొట్టేదానికి మూడోది యాడ తెచ్చేది?" చెరుకులోంచి వచ్చింది జవాబు.

నాగరత్నమ్మ పడీపడీ నవ్వింది. బురదలో కూచునే సంతోషమ్మా నవ్వింది. "వెనక నించి వస్తే ఎట్లుంటాదో నాకిప్పుడు తెలిసొచ్చింది" అంది. వీరడు చెరుకులోకి దూరి, తన మనిషేనని తెలిసి అతని చెవులు నాకుతోంది.

తర్వాతి సంతరోజున తిరుమలయ్య బాడుగ సైకిలు తెచ్చి భార్యను వెనక ఎక్కించుకున్నాడు. వీరడు పక్కన పరుగు తీస్తోంది. గట్టు మీద ఎదురుగా గొర్రెల కాపరి మునెయ్య రెండు కుక్కలతో వస్తున్నాడు. తిరుమలయ్య దూరం నుంచే గంట కొట్టి, దిగి, వీరణ్ణి కాళ్ల దగ్గర కూచోబెట్టాడు. మునెయ్య తన కుక్కల్ని దగ్గరికి తీసుకున్నాడు.

"ముందు నువ్వు పోప్పా" అన్నాడు తిరుమలయ్య.

"ఇట్లా అందరికీ దిగి దారిస్తా ఉంటే మనం పోయేలోగా సంత ముగిసిపోతాది" అంది నాగరత్నమ్మ.

"ముగిస్తే ముగియనీ. ఊరికే తిరిగొద్దాం."

ఆమె మళ్లీ ఎక్కి కూచుని, అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. ముందున్న గట్టంతా ఖాళీగా కనబడింది.

"ఈడ ఎవరూ లేరు గదా" అంది మెల్లిగా. "కొంచెం జోరుగానే పోనీ."