ఆక్లండ్ వేళకి నిద్ర

ఖరగ్‌పూర్ రైల్వే మైదానంలో తెలుగు పిల్లలు గంగాభవానిని చాటుగా "నిద్రగన్నేరు" అని పిలిచేవారు. ఆ పేరు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. రెండేళ్ళ కిందట రైల్వే మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆమె అక్కడికి వెళ్ళింది. కలకత్తా నుంచి విమానాలు మారుకుంటూ, రెండు రాత్రులు కుర్చీలోనే గడిపి, దిగిన మర్నాడు పొద్దున్నే గోల్ ముందు నిలబడింది. కాళ్ళు వాచి బూట్లు పట్టలేదు. కళ్ళముందు మైదానం ఊగింది. ఒక బంతి ఆమె పాదం పక్కనుంచి, ఎవరో పిలిస్తే నడిచి వెళ్ళినట్టు మెల్లగా గోల్లోకి పోయింది. అవతలి జట్టు అరుపులు విన్నాక గాని అది పోయిందని ఆమెకు తెలియలేదు. తర్వాత ఇంకో మూడు పోయాయి. మిగిలిన టూరంతా ఆమె బెంచీ మీదే.

డెబ్భై రెండో సంవత్సరం వేసవిలో జట్టు న్యూజీలాండ్ వెళ్ళబోతోందని తెలియగానే భవాని నేరుగా కోచ్ విల్‌ఫ్రెడ్ దగ్గరికి వెళ్ళింది. ఆయనదీ ఖరగ్‌పూరే. వర్క్‌షాపులో చార్జిమాన్‌గా చేస్తూ, సాయంత్రాలు ఆడపిల్లలకి ఆట నేర్పేవాడు.

"మొదటి మ్యాచ్ నాకియ్యండి సార్."

విల్‌ఫ్రెడ్ గోల్‌పోస్టుకి వల కడుతున్నాడు. ముడి వేయడం ఆపి ఆమెవైపు తిరిగాడు.

"నీ చేతుల మీద నాకు అనుమానం లేదు భవానీ. నీ కళ్ళ మీదే. ఈసారి ఇంకా దూరం. దిగిన మర్నాడే మ్యాచ్, పొద్దున పదికి. గోల్‌లో బొంబాయి అమ్మాయిని దింపుదామనుకుంటున్నాను."

"మళ్ళీ నిద్రపోతే ఇంక నన్ను జట్టులోకే తీసుకోవద్దు."

"అది నువ్వు చెప్తే ఆగేది కాదు కదా, నిద్ర."

"ఎలాగ ఆపాలో నేను చూసుకుంటాను సార్."

ఆయన మళ్ళీ ముడి అందుకున్నాడు. "ఠీక్ హై. ఇక్కడ మాటివ్వను. ఆ రోజు పొద్దున అక్కడ నీ మొహం చూసి చెప్తాను," అన్నాడు.

భవాని తండ్రి ఎర్రయ్య గూడ్సు బండి డ్రైవరు. నిమ్‌పురా యార్డు పక్కనే వాళ్ళ క్వార్టరు. ఏ వేళకి డ్యూటీ వస్తే ఆ వేళకి లేచి వెళ్ళే మనిషి ఆయన. భవాని చిన్నతనమంతా పగటిపూట గుసగుసలతోనే గడిచింది. "గట్టిగా మాటాడకే, మీ నాన్న పడుకున్నాడు" అనే మాట వినని రోజు లేదు ఆ ఇంట్లో. అందుకే ఆమె ఏ డాక్టరునీ అడగలేదు. డ్యూటీ దిగి స్నానం చేసి, భోజనానికి కూర్చున్న తండ్రినే అడిగింది.

"నాన్నా, నిద్రని ఒక వేళ నుంచి ఇంకో వేళకి ఎలాగ మారస్తావు నువ్వు?"

ఎర్రయ్యకి ఆ ప్రశ్న వింతగా తోచింది. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే అయినా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. రెండు ముద్దలు తిన్నాక చెప్పాడు.

"నిద్రొచ్చినప్పుడు పడుకోడం పసిపిల్లకీ వొచ్చు. రానప్పుడు పడుకోవాల, వొచ్చినప్పుడు నిలబడాల. ఒక్కరోజులో అవదు. రోజూ కొంచెం కొంచెం జరపాల. అక్కడ పది అంటే మనకెంతవుతాది?"

"తెల్లారగట్ల మూడున్నర."

"ఒలమ్మో, అది మనిషి ఒళ్ళు బొత్తిగా సచ్చిపోయే వేళ. బండి మీద మాకదే గండం." ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. "ఎన్నాళ్ళుంది?"

"మూడు వారాలు."

"సాల్తాది. రేపట్నించి మొదలెట్టు."

ఆమె పనిచేసే రైల్వే ఆఫీసులో ఆటగాళ్ళకి ప్రాక్టీసు కోసం మధ్యాహ్నం నుంచి సెలవు ఇచ్చేవారు. భవాని తన నిద్రవేళ జరపడం మొదలుపెట్టింది. మొదటి వారం రాత్రి తొమ్మిదికి పడుకుంది. రెండో వారానికి ఆ వేళ సూర్యుడు పడమటికి దిగే వేళకి జరిగింది. చిక్కు అక్కడ వచ్చింది. మే నెల ఎండకి క్వార్టరు గోడలు సాయంత్రం దాకా కాగుతూనే ఉండేవి. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి, టేబుల్ ఫ్యాను ముందు పెట్టి పడుకునేది. కళ్ళు మూసినా తల లోపల ఇందా బజారంత సందడి.

ఎండకన్నా పెద్ద అడ్డు తల్లి సింహాచలమ్మ.

"దీపాలేళ ఆడపిల్ల మంచమెక్కితే ఇంటికి లచ్చిందేవి వొస్తాదా? ఏటిది, ఎక్కడైనా ఉందా? ఇంట్లో ఎవులికో బాగోనట్టు!" అంటూ ఆమె గదిలోకి వచ్చి లైటు వేసింది.

భవాని లేచి కూర్చుంది. కోపం వచ్చింది గాని గొంతు పెంచలేదు.

"అమ్మా, ఆస్ట్రేలియా నుంచి వచ్చినాక ఆర్నెల్లు నేను మార్కెట్‌కి ఎళ్ళలేదు, నీకు గుర్తుందా? ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వినారనుకున్నాను. ఈసారి ఓడిపోతే ఓడిపోతాను. నిద్రపోయి మాత్రం ఓడను."

సింహాచలమ్మ లైటు ఆర్పి బయటికి వెళ్ళింది. మర్నాడు సంజెవేళ వీధి గుమ్మంలో దీపం పెట్టి, తలుపు చేరవేసి, ఆ దీపం పక్కనే పీట వేసుకు కూర్చుంది. అటు వచ్చిన పాలవాణ్ణి చేత్తోనే ఆపింది. సుభాష్‌పల్లి నుంచి వచ్చిన తెలిసిన దీదీ "కీ హొయేఛే?" అని, ఏమైందోనని కంగారుగా అడిగితే, "మా అమ్మాయికి ఇప్పుడు అర్ధరాత్రి" అని వచ్చీరాని బెంగాలీలో చెప్పింది. ఆవిడ అర్థం కాక అలాగే వెళ్ళిపోయింది. ఆ రోజు కాలబైశాఖి గాలి లేచి, ఉరుములతో వాన కొట్టింది. ఊరు చల్లబడింది. భవానికి మొదటిసారి ఒళ్ళెరగని నిద్ర పట్టింది.

మూడో వారంలో తెల్లవారుజామున, యార్డు దీపాల వెలుగులో, క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో ఆమె కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుని నిలబడేది. డ్యూటీ లేని రోజుల్లో ఎర్రయ్యే బంతులు విసిరేవాడు. ఆయనకి హాకీ రాదు. బొగ్గు విసిరిన చేతులతో గురి తప్పకుండా మాత్రం విసిరేవాడు. మొదటి రోజు సగానికి సగం ఆమెను దాటిపోయాయి. కాళ్ళు సీసంలా ఉన్నాయి.

"కూర్సోవాలనిపిస్తోంది నాన్నా."

"కూర్సున్నావంటే అయిపోయినట్టే. గట్టిగా మాటాడు. నేను సిగ్నల్ కనిపిస్తే బొగ్గేసే ఫైర్‌మాన్‌కి కేకేసి సెప్తాను, వాడు తిరిగి నాకు కేకేస్తాడు. నోరు లేస్తే కళ్ళు లేస్తాయి."

అప్పటినుంచి ఆమె బంతి ఎటు వస్తోందో గట్టిగా చెప్తూ ఆపడం మొదలుపెట్టింది. "ఎడమ! కుడి! పైకి!" చివరి రోజుల్లో ఆ చీకట్లో ఆమెను దాటిపోయిన బంతులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే.

కలకత్తా డమ్‌డమ్‌లో విమానం ఎక్కగానే భవాని వాచీని న్యూజీలాండ్ వేళకి తిప్పేసింది. ఆ తర్వాత ఇక్కడి టైమెంతో ఎవరినీ అడగలేదు. అక్కడ అర్ధరాత్రి అయినప్పుడు ఎయిర్‌హోస్టెస్ వేడివేడి భోజనం తెచ్చింది. ఘుమఘుమలాడుతోంది. "వద్దు" అని చెప్పి, తడి రుమాలు కళ్ళమీద వేసుకుంది. అక్కడ పగలైనప్పుడు చుట్టూ అందరూ దుప్పట్లు కప్పుకుని గురకలు పెడుతుంటే, లేచి సీట్ల మధ్య ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. మడమలు ఎత్తి దించింది. నీళ్ళు అడిగి అడిగి తాగింది. బొంబాయి అమ్మాయి ఒక కన్ను తెరిచి నవ్వింది. "నువ్వు నడిస్తే విమానం తొందరగా వెళ్తుందా?" అంది హిందీలో.

"వెళ్ళదు. నేను వెళ్తాను," అంది భవాని.

సిడ్నీలో మాత్రం ఆమె వేసుకున్న లెక్కంతా తలకిందులైంది. ఇంజను బాగులేదని విమానాన్ని ఆపేశారు. గంటలు గడిచినా ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పేవాళ్ళు లేరు. మధ్యాహ్నానికి ఆక్లండ్ చేరవలసిన జట్టు ఇంకా బెంచీల మీదే ఉంది. పిల్లలందరూ సామాన్ల మీద వాలిపోయారు. భవానికీ కళ్ళు మూతలు పడిపోతున్నాయి. 'ఒక్క పావుగంట' అని మనసు బతిమాలింది. ఆ పావుగంట ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. ఇప్పుడు పడుకుంటే రాత్రికి నిద్ర రాదు. రాత్రి నిద్ర తప్పితే పొద్దున్న మ్యాచ్ పోయినట్టే. లేచి మొహం కడుక్కుని, అద్దాల గోడ దగ్గర ఎండ పడేచోట నిలబడింది. కాళ్ళు నొప్పెడితే గోడకి చెయ్యి ఆనించింది గాని కూర్చోలేదు. కోపంతో, అలసటతో కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. తుడుచుకుని అలాగే నిలబడింది.

ఆక్లండ్ హాస్టలుకి చేరేసరికి రాత్రి పది దాటింది. మిగతావాళ్ళ ఒంటికి ఇంకా సాయంత్రం కూడా కానట్టుంది. గదుల్లో కబుర్లు, నవ్వులు. భవాని బూట్లు విప్పి, చలికి దుప్పటి ముసుగుపెట్టి, గోడవైపు తిరిగింది. పొద్దున్న తలుపు కొట్టేదాకా మెలకువ రాలేదు.

విల్‌ఫ్రెడ్ ఫలహారాల బల్ల దగ్గర ఒక్కొక్కరి మొహమూ చూస్తూ వచ్చాడు. బొంబాయి అమ్మాయి రెప్పలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రాత్రంతా పక్కమీద దొర్లుతూనే ఉన్నానని ఆమే చెప్పింది. ఆయన భవాని ముందు ఆగాడు.

"పడుకున్నావా?"

"పడుకున్నాను సార్."

"ప్యాడ్లు కట్టుకో."

మొదటి సగం బాగానే గడిచింది. చలిగాలి మొహాన కొడుతుంటే బంతి గచ్చు మీద దొర్లినంత స్పష్టంగా కనిపించింది. రెండో సగంలో, తెలియకుండానే, ఆ పాత బరువు మోకాళ్ళలోకి దిగింది. ఎన్ని వారాలు జరిపినా రెండు రోజుల ప్రయాణం ఒంట్లోంచి పూర్తిగా పోదు కదా. మైదానం ఒక్కసారి ఊగినట్టయింది. అప్పుడు భవాని నోరు తెరిచింది. "ఎడమ వైపు చూడు! వెనక్కి రా! బంతి నాది!" అని బ్యాకులకి కేకలు మొదలుపెట్టింది. గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. చివర్లో వచ్చిన పెనాల్టీ కార్నర్‌ని కూడా "కుడి!" అని అరుస్తూనే పడి, కాలితో తన్నేసింది. ఆ దేశపు గట్టి జట్టు మీద ఆట గోల్ లేకుండా ముగిసింది. విల్‌ఫ్రెడ్ తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు.

ఆ తర్వాత టూరులో జట్టు రెండు మ్యాచ్‌లు గెలిచింది, మూడు ఓడింది. అన్నింటికీ గోల్ ముందు భవానే నిలబడింది.

ఆమె ఖరగ్‌పూర్‌లో దిగిన రోజు ఎర్రయ్య టాటానగర్ నుంచి అప్పుడే డ్యూటీ దిగి, నూనె మరకల బట్టలతోనే ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. సింహాచలమ్మ కూతురి బుగ్గలు నిమిరి, "సిక్కిపోనావే, ఏటి తిన్నావక్కడ?" అంది. ఎర్రయ్య పెట్టె అందుకున్నాడు.

"మొదటి మ్యాచ్ గెలిచినామా, ఓడినామా అని అడగవా నాన్నా?"

"పేపర్లో సూసినాను. ఒళ్ళెలాగుంది?"

"ఇప్పుడు నాకు రాత్రి పన్నెండు. నిలబడే పడిపోయేలాగున్నాను."

"మరైతే రిక్షా పిలస్తాను."

భవాని బయట ఎండని చూసింది. సాయంత్రం అయిదున్నర. మైదానంలో చిన్న జట్టు పిల్లలు ఈ వేళకి వచ్చేస్తారు. వాళ్ళ గోల్‌కీపర్ బంతి వస్తే ఇంకా కళ్ళు మూసుకుంటుంది.

"వద్దు," అంది. "ఇంటికెళ్ళి మొహం కడుక్కుని మైదానానికెళ్తాను. చీకటి పడ్డాకే పడుకుంటాను."

ఎర్రయ్య పెట్టెను భుజానికెత్తుకున్నాడు. ముగ్గురూ నడక మొదలుపెట్టారు.