పెరటి వైపు అద్దం

ఊరందరి ఇళ్ళకీ అద్దాలు బిగించే మనిషి, సొంతింట్లో మాత్రం ఏళ్ళ తరబడి పాత చెక్క కిటికీతోనే నెట్టుకొచ్చాడు. వీధిలో అందరూ అతన్ని అద్దాలాయన అనేవారు. పేరు అడిగితే పక్కింటివాళ్ళు కూడా ఒక్క క్షణం తడుముకునేవారు.

ఒక వానాకాలం చివర్లో ఎవరో కొలత తప్పు ఇచ్చి, తీరా తయారయ్యాక వద్దన్న గాజుపలక ఒకటి అతని చేతికి వచ్చింది. మనిషి నిలువు కంటే ఎత్తు. మధ్యలో చట్రం లేదు, అతుకు లేదు. హాలు వెనక గోడ సగం కొట్టించి, తోటి పనివాళ్ళని పిలిచి, గాజుకి అతుక్కునే రబ్బరు పిడులతో ఎత్తి పట్టుకుని, ఊపిరి బిగబట్టి మోసి, దాన్ని అక్కడ నిలబెట్టాడు. అంచుల వెంట సిలికాన్ జిగురు పూశాడు. తడి గుడ్డతో ఒకసారి, పాత పేపరుతో ఒకసారి తుడిచి వెనక్కి జరిగి చూశాడు. జామచెట్టూ, మందార కంచే, పెరట్లో బట్టలు ఉతికే బండా, అన్నీ ఇంట్లోకి నడిచొచ్చేసినట్టున్నాయి.

అతని భార్య రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లోకి వెళ్ళబోయి, వేళ్ళు ఠక్కున గాజుకి తగిలితే "అమ్మో, ఉందా!" అంది. అంతకు మించిన మెచ్చుకోలు అద్దాలాయన అంతకుముందు వినలేదు.

అత్తగారు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గడిచింది. కొన్నాళ్ళుండి పోదామని వచ్చింది. అల్లుడంటే గౌరవం, అల్లుడికి ఆవిడంటే మొహమాటం. మూరెడు దూరంలో కూర్చుని కూడా కూతురి ద్వారానే మాట్లాడుకునేవారు.

"అల్లుడుగారు ఇంకొంచెం అన్నం వేసుకుంటారేమో అడగవే."

"చాలని చెప్పు."

మధ్యలో భార్య, "అమ్మా, ఇంకా నయం, ఎక్స్ఛేంజి మూతపడిందనుకున్నాను. ఇక్కడికి మార్చారన్నమాట" అనేది.

వచ్చిన మర్నాడే అత్తగారు పేము కుర్చీ ఒకటి లాక్కెళ్ళి అద్దం ముందు వేసుకుంది. ఇక ఆవిడ మకాం అదే. కళ్ళ కంటే ముందు చెవులు పని చేసేవి ఆవిడకి. చెట్టు మీద ఏ చప్పుడైనా సరే, తల తిప్పకుండానే ఎవరో చెప్పేసేది. "ఇది గోరింక. లైను కలిసేదాకా వదలదు. ఆ కూసేది గువ్వ. అవతల ఎవరూ లేకపోయినా గొణుక్కుంటూనే ఉంటుంది. తేనెపిట్ట చూశావూ, ట్రంకు కాలు చేసినవాళ్ళలా నాలుగు మాటలు గబగబా చెప్పి పెట్టేస్తుంది."

ఇవన్నీ కూతురితో చెబుతున్నట్టే చెప్పేది. అల్లుడు పేపరు చదువుతున్నట్టే వినేవాడు. నాలుగు వారాలు తిరిగేసరికి పిచ్చుకల్లో మగదేదో ఆడదేదో అతనికీ తెలిసిపోయింది.

వానలు వెనకపట్టాయి. తెల్లవారుజామున చలి మొదలైంది. అంతవరకూ లేని పిట్టలు పెరట్లో కనపడసాగాయి. నేల మీద పరిగెత్తుతూ తోక ఆడించేది ఒకటి. కంచె కింద ఎండుటాకులు తిరగేసే చిన్నది, పొట్ట పసుపురంగుది ఇంకొకటి. "వీళ్ళు బయటూరివాళ్ళు. గొంతులో యాస తెలియడం లేదూ?" అంది అత్తగారు.

ఒక ఉదయం అద్దాలాయన గడ్డం గీసుకుంటుంటే హాల్లోంచి దబ్బుమని చప్పుడు వినిపించింది. పరుగున వచ్చి చూస్తే అత్తగారు కుర్చీలోంచి సగం లేచి ఉంది. అద్దం మీద ఒక గువ్వ బొమ్మ పడి ఉంది. రెక్కలు విప్పి, మెడ పక్కకి తిప్పి, ఒక్కొక్క ఈకా విడివిడిగా, బూడిదతో గీసినట్టు. కింద బండ మీద గువ్వ ఉంది. మళ్ళీ లేవలేదు.

అతను దాన్ని జామచెట్టు మొదట్లో పూడ్చాడు. అద్దం తుడుస్తుంటే అత్తగారు మొహం తిప్పుకుంది.

తరవాతి వారంలో పసుపు పొట్ట పిట్ట కూడా అలాగే అద్దానికి తగిలి పోయింది. ఆ తరవాత ఇంకొకటి. మర్నాడు అతను పనినుంచి తిరిగొచ్చేసరికి, అద్దానికి బయటవైపు పైనుంచి కిందికి పాత చీర పేలికలు వేలాడుతున్నాయి. ఎర్రవి, ఆకుపచ్చవి, ఒకటి చుక్కలది. గాలికి ఊగుతున్నాయి.

అతనికి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే లేచి, అద్దం తుడిచే మిషతో వాటిని విప్పి, మడత పెట్టి, కుర్చీ చేతి మీద పెట్టాడు. మధ్యాహ్నానికి అవి మళ్ళీ ఎక్కాయి. మర్నాడు మళ్ళీ దిగాయి. ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోలేదు. అన్నం దగ్గర "పులుసు వేయవే", "చాలని చెప్పు" మామూలే.

"ఆయన అద్దం పెట్టిందే అది ఉన్నట్టు కనపడకుండా ఉండడానికి. నువ్వేమో దానికి పేలికలు కడతావు" అంది కూతురు తల్లితో వంటింట్లో.

"ఆ సంగతి నాకు తెలుసు. పిట్టలకి తెలీదుగా" అంది తల్లి. అల్లుడు వింటున్నాడని ఆవిడకి తెలుసు.

ఆ రోజుల్లోనే అతనికి ఒక పాత పని దగ్గరనుంచి పిలుపొచ్చింది. నిరుడు అతనే అద్దాలు బిగించిన ఆఫీసు. వీధి వైపు గోడంతా గాజే. ఒక మూల రబ్బరు ఊడొస్తోందట. ఆఫీసు తెరవకముందే వెళ్ళాడు. గోడ వెంట ఒకావిడ ఊడుస్తోంది. చేటలో ఎండుటాకులు, కాగితం ముక్కలు, వాటి మధ్య రెండు చిన్న పిట్టలు.

అతను నిచ్చెన నేల మీద పెట్టేశాడు. "ఇవెక్కడివమ్మా?"

"ఈ గోడ కిందేనండీ. ఈ కాలంలో ఇంతే. చలి తగ్గితే తగ్గుతాయి" అంటూ ఆవిడ చేట బుట్టలో దులిపి ముందుకి జరిగింది.

అతను రబ్బరు సరిచేశాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, మనసు మాత్రం అక్కడ లేదు. ఇన్నేళ్ళలో ఎన్ని గోడలు బిగించాడో. సిలికాన్ ఆరగానే సంచీ సర్దుకుని వెళ్ళిపోయేవాడు. ఆ మర్నాడు పొద్దున్న అక్కడ ఏం జరుగుతుందో ఒక్క చోటా నిలబడి చూసింది లేదు. దిగి వచ్చేటప్పుడు ఆ గోడలో ఎదురు వీధి చెట్లు కొమ్మా రెమ్మాతో సహా కనిపించాయి. తను పిట్ట అయినా అందులోకే ఎగిరేవాడు.

ఆ సాయంత్రం పేలికలు విప్పలేదు. మర్నాడూ విప్పలేదు. అత్తగారు కూతురి వైపు చూసి కళ్ళతోనే ఏమిటన్నట్టు అడిగింది. కూతురు భుజాలెగరేసింది.

ఆదివారం గాలి ఎక్కువగా ఉంది. పేలికలన్నీ ఒక పక్కకి చుట్టుకుపోయాయి. ముగ్గురూ కాఫీ తాగుతుండగా మళ్ళీ చప్పుడు. ఈసారి పికిలిపిట్ట. నల్లని జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ. బండ మీద పక్కకి ఒరిగి, నోరు తెరిచి, రొప్పుతోంది.

అత్తగారు చెంచాతో నీళ్ళు తేబోతే కూతురు ఆపింది. "పొయ్యకమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చీకట్లో, కదపకుండా ఉంచండి. అంతే." అని చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

అద్దాలాయన చెప్పుల పెట్టె ఒకటి తెచ్చి, అడుగున మెత్తని గుడ్డ పరిచి, మూతకి చిల్లులు పొడిచి, పిట్టని అందులో పెట్టాడు. పెట్టె బల్ల మీద. అటు అత్తగారు, ఇటు అల్లుడు. మధ్యలో మాటలు అందించే మనిషి లేదు.

చివరికి అతనే గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యగారూ, మీకు వీటిని చూడ్డం చిన్నప్పటినుంచీ అలవాటా?"

"చూడ్డమా!" అని నవ్వింది ఆవిడ. "మా బోర్డు గదికి కిటికీయే లేదు బాబూ. ఎదురుగా గోడ, చెవుల మీద హెడ్‌ఫోను. ఉద్యోగమంతా అదే. పొద్దున్నే డ్యూటీకి నడిచి వెళ్ళేటప్పుడు వినేదాన్ని వీటిని. ఏది ఎవరో గొంతుని బట్టి ఊహించుకోవడమే. మొహాలు చూసింది ఇక్కడికొచ్చాకే." అద్దం వైపు చూపించి, "మీ అద్దం పుణ్యమే. అందుకే దాన్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. పేలికలు కట్టినప్పుడు మనసుకి ఎంత కష్టమనిపించిందో" అంది.

అతను తల దించుకుని పెట్టె మూత వైపు చూస్తూ, "ఆఫీసు గోడ కింద రెండు చూశాను. నేను పెట్టిన గోడే" అన్నాడు.

ఆవిడ అయ్యోపాపం అనలేదు. అలా అననందుకు అతనికి ఊరటగా అనిపించింది.

పెట్టెలో గరగరమని చప్పుడైంది. ఇద్దరూ ఒకేసారి లేచారు. పెరట్లోకి తీసుకెళ్ళి మూత తీస్తే పికిలిపిట్ట ఒకసారి అటూ ఇటూ చూసి, అతని చొక్కా చేతి మీద రెట్టేసి, జామకొమ్మ మీదికి ఎగిరిపోయింది. "థాంక్స్ చెప్పింది" అంది అత్తగారు.

ఆ తరవాత అద్దాలాయనకి అదే ధ్యాస. పిట్టలు బెదురుతాయని నల్ల కాగితంతో డేగ బొమ్మ కత్తిరించి అద్దానికి అంటించాడు. రెండో రోజుకే గోరింక ఒకటి వచ్చి, డేగ పక్కనే అద్దం కింది గట్టు మీద నిలబడి, దాని ముక్కు దగ్గర పురుగుని ఏరుకు తింది. అత్తగారు అల్లుడి ఎదుట పొట్ట పట్టుకుని నవ్వడం అదే మొదటిసారి. అతనూ నవ్వేశాడు. డేగ చెత్తబుట్టలోకి పోయింది.

అప్పుడు పిట్టల్నే చూడ్డం మొదలుపెట్టాడు. పనికి వెళ్ళేముందు కాసేపు, వచ్చాక వెలుతురున్నంతసేపు. అత్తగారి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ చేరింది. అవి ఎలా వస్తున్నాయి, ఎక్కడ దూరుతున్నాయి, ఎక్కడ వెనక్కి తిరుగుతున్నాయి? మందార కంచెలో కొమ్మల మధ్య జానెడు సందుంటే పికిలిపిట్ట బాణంలా దూసుకుపోయేది. సందు నాలుగు వేళ్ళకి తగ్గితే పైనుంచి చుట్టు తిరిగి వచ్చేది. పిచ్చుకలైతే ఇంకా ఇరుకులో దూరేవి.

"అంటే సందు లేదనిపించాలి వాటికి" అన్నాడు అతను. "అద్దం నిండా."

"నిండా అంటే?"

"చుక్కలు. రెండు వేళ్ళకొకటి. బయటవైపు."

బాత్రూము అద్దాలు మసకగా చేసే లేపనం అతని దగ్గర ఉంది. అది పూస్తే గాజు పైపొర కరిగి తెల్లబడుతుంది. ఒకసారి తెల్లబడితే ఇక ఎప్పటికీ అంతే. అత్తగారికి ఆ సంగతి తెలియగానే కంగారుపడిపోయింది.

"వద్దు బాబూ. అంత మోజు పడి పెట్టుకున్నారు. పేలికలు నేనే రోజూ సరిచేస్తాను. గాలి వచ్చినప్పుడు పట్టుకుని కూర్చుంటాను."

"రాత్రీ పగలూనా?"

"నాకు వేరే పనేముంది?"

"పిట్టల్ని చూడ్డం ఉందిగా" అన్నాడు అతను.

చిల్లుల కాగితం అంటించి, చేతులకి తొడుగులు వేసుకుని, వరస తరవాత వరస పూస్తూ, కడుగుతూ వెళ్ళాడు. మొదటి చుక్క పెట్టేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడింది. తరవాత వెనకాడలేదు. పని పూర్తయ్యాక హాల్లో నిలబడి చూస్తే చినుకులు పడి ఆరనట్టుంది అద్దం. కొన్నాళ్ళు అతని చూపు ప్రతి చుక్క దగ్గరా తట్టుకునేది. రాను రాను చూపు వాటిని దాటి చెట్టు మీదికి వెళ్ళడం నేర్చుకుంది.

దబ్బుమనే చప్పుడు ఆగిపోయింది. పూర్తిగా అని చెప్పలేం. చలి పోయే ముందు గోరింక ఒకటి భుజం రాసుకుంటూ తగిలి, గట్టు మీద కూర్చుని కాసేపు అందరినీ తిట్టి వెళ్ళింది. అంతకంటే పెద్ద ప్రమాదం మళ్ళీ జరగలేదు.

పని ఒప్పుకున్న చోటల్లా అతను ఈ సంగతి కదపడం మొదలుపెట్టాడు. చాలామంది నవ్వేశారు. "కొత్త అద్దానికి చుక్కలేమిటయ్యా, చూసినవాళ్ళు తుడవలేదనుకుంటారు" అన్నాడొకాయన. ఆ ఆఫీసు మేనేజరు పైవాళ్ళని అడిగి చెబుతానన్నాడు. ఎన్నిసార్లు కలిసినా అడుగుతూనే ఉన్నాడు. ఒప్పుకున్నది ఒక పళ్ళ డాక్టరమ్మ మాత్రమే. ఆవిడ ఆస్పత్రి వెనక తోట ఉంది. "సరిగ్గా నేను నోట్లో మెషిను పెట్టినప్పుడే వచ్చి గుద్దుతాయండీ. పేషెంటు ఎగిరి పడతాడు. పిట్ట బతికినా నా వేలు బతకదు. రండి, ముందు మా ఆస్పత్రికే పెట్టండి చుక్కలు" అంది.

ఎండలు ముదిరాయి. పికిలిపిట్టల జంట మందార కంచెలో గూడు కట్టింది. మగదానికి కోపం ఎక్కువ. అద్దాన్ని వదిలేసి అద్దాలాయన బండి అద్దం మీద పడింది. అందులో కనిపించే పిట్టని రోజంతా పొడిచేది. "రాంగ్ నంబరు నాయనా, పెట్టెయ్" అని అత్తగారు లోపలినుంచి కేకలు పెట్టేది. చివరికి అతను బండి అద్దాలు రెండింటికీ పాత సాక్సులు తొడిగాడు.

డాక్టరమ్మ పని మొదలుపెట్టాల్సిన రోజు ఉదయం, సామాను సంచీ భుజాన వేసుకుని బయటికొస్తుంటే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉష్! చూడండి."

బండి హ్యాండిలు మీద పికిలిపిట్ట పిల్ల కూర్చుని ఉంది. తోక ఇంకా పూర్తిగా రాలేదు. నెత్తి మీద జుట్టు నిద్ర లేచినవాడిలా రేగిపోయి ఉంది. గూట్లోంచి దిగి అంత దూరం ఎలా వచ్చిందో, ఇక ఎటు వెళ్ళాలో తెలియక బిక్కమొహం వేసింది.

ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు. కంచెలోంచి తల్లి పిలుస్తోంది. పిల్లకి ఉలుకూ పలుకూ లేదు.

జేబులో ఫోను మోగింది. డాక్టరమ్మ. "ఎక్కడున్నారండీ? గది ఖాళీ చేసి కూర్చున్నాను."

"ఇంటి దగ్గరేనమ్మా" అన్నాడు అతను గొంతు తగ్గించి. "బండి మీద పిట్టపిల్ల కూర్చుంది."

"ఎప్పుడు లేస్తుందిట?"

"వాళ్ళమ్మ పిలుస్తోంది. వినేట్టు లేదు."

"సరే, ఈలోగా నేను ఇంకొకాయన పన్ను పీకేస్తాను. నిదానంగా రండి."

"ఏమంటోంది?" అని అడిగింది అత్తగారు.

"నిదానంగా రమ్మంటోంది."

"మంచిమనిషి" అని ఆవిడ గుమ్మానికి ఆనుకుంది. "ఇప్పుడు విన్నారా, తల్లి గొంతు మార్చింది. మొదట బతిమాలింది. ఇది కోపం."

అతను చెవి ఒగ్గి విన్నాడు. నిజంగానే గొంతులో తేడా ఉంది. పిల్ల ఒళ్ళు దులుపుకుంది, ముందుకి వంగింది, వెనక్కి తగ్గింది, మళ్ళీ వంగింది. తరవాత ఎగిరిందో పడిందో తెలియనట్టు గాల్లో తడబడుకుంటూ వెళ్ళి కంచెలో పడింది. ఆకులు కదిలాయి. తల్లి పిలుపు ఆగిపోయింది.

అద్దాలాయన హ్యాండిలు మీది రెట్ట గుడ్డతో తుడిచాడు. బండి స్టాండు మెల్లిగా తీసి, గేటు దాకా తోసుకెళ్ళి, వీధి మలుపు తిరిగాకే స్టార్టు చేశాడు.