ఒకే వరుస మీద ఇద్దరి రాత

కేతేపల్లిలో ఉండే సుచరిత, మక్తల్‌లో ఉండే శ్రీవాణి ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. గొర్ల కాపరులకు టీకాల తేదీలు గుర్తుచేసే ఫోన్ యాప్‌ను ఇప్పుడు ఇద్దరూ ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని రాస్తున్నారు. ఎవరు రాసింది వాళ్లు గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలుపుతారు. ఇద్దరూ ప్రోగ్రామ్‌లో ఒకే వరుసను మారిస్తే మాత్రం గిట్ ముందుకు పోదు. రెండు రాతలనూ ఒకదాని కింద ఒకటి చూపించి, ఏది ఉంచాలో మీరే తేల్చుకోమంటుంది.

పోయిన నెల అలా ఆగినప్పుడు సుచరిత తొందరపడింది. చదవకుండానే తనది ఉంచి, శ్రీవాణిది తీసేసింది. అది శ్రీవాణి మూడు రోజులు కూర్చుని చేసిన పని. శ్రీవాణి కొట్లాడలేదు. ఫోన్ ఎత్తడం మానేసింది, అంతే.

ఈ ఉదయం మళ్లీ ఆగింది, కాపరికి వెళ్లే సందేశం దగ్గర.

సుచరిత రాసింది: "మీ గొర్రెలకు టీకాలు వేయించగలరు."

శ్రీవాణి రాసింది: "మామా, గొర్లకు సూదులేసే దినమొచ్చింది, జర యాదుంచుకో."

సుచరిత ఈసారి దేన్నీ తీసేయలేదు. గిట్‌లో పాత మార్పులన్నీ దాచి ఉంటాయి. వెతికి, పోయిన నెల తాను చెరిపిన పనిని మొదటిసారి చదివింది. తనదానికన్నా బాగుంది. దాన్ని తిరిగి పెట్టి ఫోన్ చేసింది. నాలుగోసారికి శ్రీవాణి ఎత్తింది.

"నీ పని మళ్ల పెట్టిన, వాణీ. చూడకుండనే తీసేసిన. తప్పు నాదే."



"ఒక్క మాట అడిగితే అయిపోతుండె గదనే," అంది శ్రీవాణి. "సరే, గిప్పుడు గీ వరుస ఏం జేద్దం?"

"బాపునడుగుదం."

సుచరిత తండ్రి మైసయ్య గొర్ల దొడ్డి ఊడుస్తున్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి రెండూ చదివి వినిపించింది.

"మొదటిది ఆఫీసు కాయిదమోలె ఉన్నది. రెండోది మనిషి పిలిచినట్టున్నది," అన్నాడాయన. "గని బిడ్డా, ఏ దినం, యాడికి తోల్కరావాలె? గది రెండిట్ల లేకపాయె!"

ఇద్దరికీ నవ్వాగలేదు. ఫోన్‌లో మాట్లాడుకుంటూనే కొత్త వరుస రాశారు: "మామా, శుక్రవారం పొద్దుగాల గొర్లను పశువుల దవాఖానకు తోల్కరా. సూదులేస్తరు."

ఆ శుక్రవారానికి శ్రీవాణి కూడా బస్సెక్కి కేతేపల్లి వచ్చింది. దవాఖాన ముందు దుమ్ము, గొర్ల అరుపులు. మైసయ్య కనబడిన ప్రతివాడికీ ఫోన్ చూపిస్తూ, "గీ మాట నేనే రాసిన," అని చెప్పుకుంటున్నాడు. స్నేహితురాళ్లిద్దరూ కాదనలేదు.