కిమ్చీ మీద పడ్డ నింద

సొక్‌జు ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి సింకులో ఉమ్మేశాడు. మళ్ళీ వెనిగరే! వారాల తరబడి పసిపిల్లలా కాచుకున్న బకెట్టెడు బీరు సింకు పాలయింది. నెలకోసారి ఎవరి ఇంటి బీరు వాళ్ళు తెచ్చుకుని కలిసే స్నేహితులు అతనికి అప్పుడే వెనిగర్ సొక్‌జు అని పేరు పెట్టేశారు.

శుభ్రం విషయంలో అతనికి వంక పెట్టడానికి లేదు. ప్లాస్టిక్ బకెట్టును వేడినీళ్ళలో క్రిములు చంపే పొడి కలిపి నానబెడతాడు. గొట్టం, గరిటె, మూత అన్నిటిమీదా స్పిరిట్ కొడతాడు. బకెట్టు అడుగునున్న కుళాయి మూతిలోకి కూడా చిమ్ముతాడు. మూత తీసినప్పుడు ఊపిరి బిగబట్టుకుంటాడు. ఇంత చేసినా పులిసిపోతుంటే మనిషికి మండదూ?

"మీ ఇంట్లో కిమ్చీ పెడతారా?" అనడిగాడు స్నేహితుల్లో ఒకడు. "ఇంకేం! ఆ పులుపు క్రిములే నీ బీరులో దూరుతున్నాయి."

క్యాబేజీని కారం కలిపి పులవబెట్టే ఆ పచ్చడి కొరియా వాళ్ళకి రోజూ ఉండాల్సిందే. తేజాన్ ఊరు మొత్తంలో కిమ్చీ లేని ఇల్లు ఒక్కటి చూపించమని వాణ్ణి నిలదీయాల్సింది. సొక్‌జు అడగలేదు. ఎవరో ఒకరు దొరికితే చాలు, తప్పు వాళ్ళ నెత్తిన రుద్దేద్దామన్నంత విసుగులో ఉన్నాడు.

దొరికింది అత్తగారు. భర్త పోయాక సున్‌రే చిన్నకూతురు మీర్యంగ్ దగ్గరే, ఈ ఇంట్లోనే ఉంటోంది. వచ్చేటప్పుడు బట్టలూ సామాన్లూ తెచ్చుకోలేదు గానీ జాడీలు తెచ్చుకుంది. కిమ్చీ జాడీలు, సోయా గింజలు పులవబెట్టిన ముద్ద జాడీ, అన్నిటికన్నా పెద్దది కూరల్లో ఉప్పుకి బదులు వేసే సోయా రసం జాడీ. అది ఆవిడ పెళ్ళయిన కొత్తలో వాళ్ళ అత్తగారు ఇచ్చింది. ఏటా కొత్త రసం కలుపుతూ ఇంతకాలం లాక్కొచ్చింది. బాల్కనీలో ఎండ ఎటు తిరిగితే అటు ఆ జాడీల మూతలు తీస్తూ, పెడుతూ ఆవిడకి పొద్దు గడిచిపోయేది.

"అత్తయ్యా, నేను బీరు కాచే రోజు కిమ్చీ బయటికి తియ్యకండి," అన్నాడు మొదట.

"అలాగే బాబూ, దానికేం?"

తర్వాత బీరు పని ఉన్న రోజు వంటింట్లోకి రావద్దన్నాడు. ఆ తర్వాత నోటితో చెప్పడం కూడా మానేశాడు. ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి వెళ్ళగానే వెనకాలే వచ్చి పిడిమీద స్పిరిట్ కొట్టేవాడు. ఆవిడ ముట్టిన గ్లాసు మీద, తలుపు గుబ్బ మీద, స్విచ్చి మీద. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా సున్‌రే చేతులు వెనక్కి పెట్టుకునేది.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ యోసు ఊళ్ళో ఉండే పెద్దకూతురికి ఫోన్ చేసి, అక్కడికి వచ్చేస్తానని చెప్పింది. మీర్యంగ్ మొగుడి మీద విరుచుకుపడింది.

"నీ దిక్కుమాలిన బీరు తాగకపోతే ఎవరి ప్రాణమైనా పోతుందా? మా అమ్మని తరిమేస్తావా?"

"నేనేమైనా వెళ్ళమన్నానా?"

అనలేదు, నిజమే. అనాల్సిన పని లేకుండా చేశాడు.

జాడీల్ని బొంతల్లో చుట్టి వ్యానెక్కించారు. బాల్కనీలో గుండ్రటి మరకలు మిగిలితే సొక్‌జు వాటిని కూడా బ్లీచింగ్ పోసి తోమాడు. ఇల్లంతా ఆసుపత్రి వాసన కొట్టింది. ఇంక చూసుకో అనుకుంటూ కొత్త బీరు కాచాడు. మీర్యంగ్ అతనితో ముక్తసరిగా మాట్లాడుతూ, కిమ్చీ లేని భోజనం అతని ముందు ఠపీమని పెట్టేది. అతనికీ ముద్ద దిగేది కాదు, అయినా ఓర్చుకున్నాడు.

ఆ బీరూ పులిసింది.

ఒళ్ళు మండిపోయి సొక్‌జు బకెట్టును ఎత్తి సింకుకేసి కొట్టాడు. కుళాయి విరిగింది అనుకున్నాడు. విరగలేదు, లోపలి ముక్క బయటికి ఊడొచ్చింది. కుళాయి అలా రెండు ముక్కలుగా విడిపోతుందని ఇన్నాళ్ళూ అతనికి తెలియనే తెలియదు. ఆ రెంటి మధ్యా చీమిడిలా, గోధుమరంగు జిగురు. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున వెనిగర్ వాసన.

మీర్యంగ్ వచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బావుండేది. ఆమె ఫోను తీసి యోసుకి కలిపి, అతని చేతిలో పెట్టింది.

"మా అమ్మకి నువ్వే చెప్పు. తర్వాత నాకివ్వు."

"బాబూ!" అంది సున్‌రే, అవతల. గొంతులో సంబరం. "ఈసారి బాగా కుదిరింది కదూ? నాకు తెలుసు. నేనొచ్చేసి మంచిపనే చేశా. నీ కష్టమంతా నా చేతులవల్ల పాడయిపోయేది."

"అది కాదు అత్తయ్యా..."

"ఇక్కడ కూడా జాగ్రత్తగానే ఉంటున్నాలే. ఉడికించిన పాలకూర కూడా చేత్తో కలపడం మానేశా. చెంచాతోనే కలుపుతున్నా. అమ్మమ్మ వంట రుచి పోయిందని పిల్లలు ఒకటే గోల. పోతే పోయింది, చంటిది కూడా ఉందిగా ఇంట్లో. నా చేతుల్లో ఏముందో ఏమో."

సొక్‌జు కుళాయి ముక్కని కింద పెట్టాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. కుళాయి లోపల మురికి ఉందని, తనే ఎప్పుడూ విప్పి కడగలేదని, ఆవిడ చేతుల్లో ఏ దోషమూ లేదని. ఆదివారం వచ్చి ఆవిడనీ, జాడీల్నీ తీసుకొచ్చేస్తానన్నాడు.

అవతల జాడీ మూత పెట్టిన చప్పుడయింది.

"వద్దు బాబూ," అంది ఆవిడ. "జాడీలు ఇక్కడి ఎండకి ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నాయి. మాటిమాటికీ చోటు మారిస్తే రసం పాడైపోద్ది."

"పోనీ మీరైనా రండి అత్తయ్యా."

"అవి లేకుండా నేనొచ్చి ఏం చెయ్యను?"

మీర్యంగ్ ఫోను కోసం చెయ్యి చాపింది. అప్పటికే అవతల పెట్టేశారు.