చలి అన్నవాడు కడగాలి

మా తమ్ముడికి నలభై రెండేళ్లు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు సానపడతాడు. వారమంతా కుర్చీలోంచి కదలడు గానీ ఆదివారం తెల్లారేసరికి సైకిలెక్కి నూరు కిలోమీటర్లు తొక్కి వస్తాడు. తొక్కమని ఎవరూ అడగలేదు, వస్తే ఎవరూ పతకం ఇవ్వరు. వచ్చాక కాళ్ల నొప్పులు తగ్గాలని ఐసు నీళ్లలో కూర్చుంటాడు. ఆ ఐసు ఇచ్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే గుండె తేలికపడుతుందేమో అనుకున్నాను. పడలేదు.

నేను చేపల కోల్డ్ స్టోరేజీలో షిఫ్టు ఇన్‌చార్జిని. పద్దెనిమిదేళ్ల సర్వీసు. లోపల పనిచేసేవాళ్లు చలి, చలి అని నా ప్రాణం తోడేస్తున్నంతసేపూ నాకు నిశ్చింత. గోల ఆపినవాణ్ణి ముందు బయటికి లాగుతాను. ఒక ఏడాది ఒక లోడరు లోపలే ఉండిపోయాడు, మేం చూసుకోలేదు. తలుపు తీసేసరికి కోటు విప్పి, చక్కగా మడతపెట్టి పక్కన పెట్టుకుని, చొక్కా గుండీలు కూడా తీసేసి ఉన్నాడు. చలి ముదిరితే మనిషికి ఉక్కపోసినట్టు ఉంటుందని డాక్టరు చెబితే తెలిసింది. అతను బతకలేదు. ఆ మడతపెట్టిన కోటు ఇప్పటికీ నా కళ్లల్లో మెదులుతూనే ఉంటుంది.

తమ్ముడి సైకిలు బృందంలో వాడితో కలిపి నలుగురు. వాళ్లకు పెద్ద, డ్రైవింగ్ స్కూలు మాస్టారు. అందరూ కెప్టెన్ అంటారు. ఆయన పెరట్లో నాలుగు ప్లాస్టిక్ టబ్బులు వరసగా ఉంటాయి. మొదట్లో గడియారం పెట్టుకుని పది నిమిషాలు కూర్చుని లేచేవాళ్లు. దానికి నేనేమీ అనలేదు. తర్వాత కెప్టెన్ గారికి సరదా పుట్టింది. చలి అని ముందు నోరు జారినవాడు నాలుగు సైకిళ్లూ కడగాలట. గడియారం తీసి లోపల పెట్టేశారు. ఇంట్లో పెళ్లాం గొంతు పెంచితే వణికే మగాళ్లు నలుగురూ ఐసులో మాత్రం వణకరట!

నెల కిందట తమ్ముడు టబ్బులోంచి లేచి అటునుంచి అటే మా ఇంటికి వచ్చాడు. అప్పుడే దించిన టీ గ్లాసులో పోసిచ్చాను. వాడు గ్లాసును అరచేత్తో చుట్టి పట్టుకుని కబుర్లు మొదలుపెట్టాడు.

"కాలట్లేదురా?"

"ఏం?" అని గ్లాసు వంక చూశాడు.

సాయంత్రానికి చెయ్యి బొబ్బలెక్కింది.

"అలవాటైపోయిందక్కా. ఇప్పుడు నాకు చలే తెలీట్లేదు" అన్నాడు, ఫస్టుక్లాసులో పాసైనవాడిలా.

కడిగిపారేశాను. ఇంక ఐసు గీసు లేదు పొమ్మన్నాను. వాడు చిన్నప్పటిలాగే మొహం వేలాడేసుకుని, "ఇంకొక్క వారమే అక్కా" అన్నాడు. మళ్లీ వారం మళ్లీ రెండు దిమ్మలు పంపాను. వాడు అలా అడిగితే కాదనడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

మొన్న ఆదివారం తెల్లవారుజాము నుంచీ ఒకటే వాన. ఐసు ముందురోజే పంపేశాను. పదకొండు దాటాక మరదలు ఫోన్ చేసింది.

"వదినా, ఈయన ఇంకా రాలేదు. ఫోన్ ఎత్తట్లేదు. పదింటికే తొక్కడం అయిపోయిందంట."

గంట పైనే అయిందన్నమాట. చెప్పుల్లో కాళ్లు సరిగ్గా పెట్టానో లేదో కూడా గుర్తులేదు.

పెరట్లో ముగ్గురు తువ్వాళ్లు కప్పుకుని చూరు కింద నిలబడి నవ్వుతున్నారు. నాలుగో టబ్బులో తమ్ముడు ఒక్కడే, మెడ దాకా ఐసు నీళ్లలో.

"రండి, రండి. మీ తమ్ముడు ఉక్కు మనిషండీ. మమ్మల్నందర్నీ ఓడించేశాడు. చూడండి, వణకడం కూడా మానేశాడు" అన్నాడు కెప్టెన్.

వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి చిన్నగా నవ్వాడు.

"లేవరా."

"ఉండక్కా... వెచ్చగా ఉంది" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. చెయ్యి పైకెత్తి బనీను మెడ పట్టుకుని లాక్కోబోయాడు. వేళ్లకు పట్టు దొరకలేదు.

నలుగురం కలిసి పైకి లాగాం. వాళ్లు వాణ్ణి నిలబెట్టి కాళ్లు రుద్దబోయారు. ఒకాయన వేణ్నీళ్ల బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు.

"నిలబెట్టకండి! పడుకోబెట్టండి. రుద్దకండి, ఆ బకెట్టు అక్కడ పెట్టండి!"

"నాలుగడుగులు నడిస్తే వేడెక్కుతాడండీ..."

"పద్దెనిమిదేళ్లుగా చలితో కాపురం చేస్తున్నదాన్ని. నువ్వు నోరు మూసుకుని అంబులెన్సుకి ఫోన్ చెయ్యి."

తడి బట్టలు కత్తిరించి తీసేసి, దొరికిన దుప్పట్లన్నీ కప్పాను. బయటికి తీసినంత మాత్రాన అయిపోదు. చలి ఇంకా లోపలికి దిగుతూనే ఉంటుంది, గుండె దాకా. వాడి ఛాతీ మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. వణకరా నాయనా, ఒక్కసారి వణకరా అని బతిమాలుకున్నాను. అంబులెన్సు వచ్చేదాకా వాడు వణకలేదు.

ఆసుపత్రిలో రెండు గంటలు గడిచాయి. ముందు దవడ కదిలింది. తర్వాత పళ్లు టకటకలాడాయి. ఆ తర్వాత ఇనప మంచం మొత్తం ఊగిపోయింది. "ఇంక పర్లేదండీ, వణుకుతున్నాడు" అంది నర్సు. నేను గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. అంత ఆనందం నాకు ఎప్పుడూ కలగలేదు.

కళ్లు తెరిచాక వాడి మీదికి వంగి అడిగాను.

"చలిగా ఉందారా?"

ఔనంటాడని చూశాను. వాడు నన్ను చూశాడు. తర్వాత నా భుజం మీదుగా తలుపు వైపు చూశాడు. అక్కడ ఆ ముగ్గురూ పొడి బట్టలు వేసుకుని, తలలు దించుకుని నిలబడి ఉన్నారు.

పళ్లు గట్టిగా బిగించి, "లేదు" అన్నాడు.

టబ్బు దగ్గర కూడా నాకు అంత భయం వెయ్యలేదు.