గొట్టం తీసిన రోజు

రబ్బరు గొట్టం తీసేసి నర్సు వెళ్లాక సూర్యారావు ముఖంలోకి కాస్త కళ వచ్చింది. పక్షవాతంతో కుడి చెయ్యీ కాలూ పడిపోయి రాయపూరు రైల్వే ఆసుపత్రిలో చేరిన నాటి నుంచి, అంటే నెల రోజులుగా, మంచం కింద సీసాలోకి పోయే ఆ గొట్టమే ఆయనకి తోడు. సాయంత్రంలోగా తనంతట తాను ఒంటికి వెళ్తే రేపు ఇంటికి పంపుతానన్నాడు డాక్టరు. లేకపోతే మళ్లీ గొట్టమే.

ఇల్లు అన్న మాట వినగానే ఆయన భార్య వరహాలమ్మ సగం బట్టలు సంచిలో కుక్కేసింది. తీరా మధ్యాహ్నం చూస్తే కూజాలో నీళ్లు పొద్దున ఉన్నట్టే ఉన్నాయి. ఆవిడకి ఒళ్లు మండింది. దొరల కాలంలో గూడ్సు గార్డుగా చేరిన ఆయనకి డ్యూటీలో మంచినీళ్లు ముట్టకపోవడం అలవాటు. భాటాపారా వెళ్లే బండి దారిలో ఎక్కడాగుతుందో, ఎన్ని గంటలకాగుతుందో ఎవరికి తెలుసు, ఒంటికొస్తే దిగేదెలా, దాహమే నయమనేవాడు. ఆ విద్య ఇక్కడా చూపిస్తున్నాడు మహానుభావుడు!

“నీల్లు తాగకపోతే ఏటొస్తాదండీ?” అని నిలదీసింది.

ఆయన గోడవైపు తిరిగాడు. జబ్బు చేశాక మాట కూడదీసుకుని వస్తోంది.

“పక్క తడిసిపోతే... నువ్వే కదా ఉతకాల.”

వరహాలమ్మ కోపం ఎటు పోయిందో తెలియలేదు. గ్లాసు నింపి ఆయన నోటికి అందించింది. గుక్క గుక్కకీ ఆగుతూ మూడు గ్లాసులు తాగించింది.

నాలుగింటికి ఆయన కదిలాడు. పడుకునే ప్రయత్నిస్తే చుక్క రాలేదు. జీవితమంతా నిలబడి వెళ్లిన మనిషి, నిలబెట్టమన్నాడు. నర్సు ముందు వద్దంది, తర్వాత గుడ్డతెర అడ్డం లాగి అవతల నిలబడింది. ఆయన ఎడంచేత్తో మంచం కమ్మీ పట్టుకున్నాడు. వరహాలమ్మ కుడి చంక కింద భుజం పెట్టి, నేల మీద బేసిను కాలితో ముందుకు జరిపింది.

చాలాసేపు ఏమీ లేదు. ఆవిడకి ఏడుపొచ్చేలా ఉంది.

అప్పుడు వచ్చింది. సగం బేసినులో, సగం వరహాలమ్మ పాదాల మీద. ఆయన సిగ్గుతో తల వంచేసి, ఆపబోయాడు.

“ఆపకండి,” అంది ఆవిడ, పాదం కదపకుండా. “అంతా రానియ్యండి. కాల్లు కడుక్కుంటే పోతాది.”

తెర అవతలి నుంచి నర్సు హిందీలో, అయిందా అని అడిగింది. ఇంకా అవుతోందని వరహాలమ్మ తనకొచ్చిన హిందీలో, వార్డంతా వినపడేలా గర్వంగా చెప్పింది.